కరెంటు లేని వేళ గిటారు

నగరిలో తులసీరాం ఇల్లెక్కడని అడిగితే నలుగురూ నాలుగు దిక్కులు చూపిస్తారు. మగ్గాలు నేసే ఊళ్ళో ఆ పేరున్నవాళ్ళకు కొదవ లేదు. ‘బిట్టు తులసీరాం’ అని అడిగితే మాత్రం చేయి పట్టుకుని తీసుకుపోయి ఇంటి ముందు నిలబెడతారు.

పెళ్ళిళ్ళలో, జాతరల్లో పాట కచేరీలు చేసే చిన్నబ్బ ఆర్కెస్ట్రాలో గిటారు అతనిది. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యపు ముక్కను వాళ్ళు బిట్టు అంటారు. క్యాసెట్టులో ఆ బిట్టు ఎలా ఉంటే తులసీరాం వేళ్ళ కింద అచ్చం అలాగే పలికేది. అసలు వాయించినవాడి తీగ ఎక్కడన్నా కొంచెం జీరపోయి ఉంటే, ఆ జీర కూడా దిగేది. పుత్తూరులో ఒక పెళ్ళిలో ఎవరో పెద్దమనిషి స్టేజీ వెనక్కి వచ్చి, టేపు రికార్డరు ఎక్కడ దాచారని వెదికాడట. తులసీరాంకు దాన్ని మించిన బిరుదు మరొకటి అందలేదు.

అది ఎవరూ నేర్పిన విద్య కాదు. తండ్రి దొరస్వామి చేతిమగ్గం మీద పంచెలు నేసినవాడు. పంచెల మూట మద్రాసులో దింపి రమ్మని పంపితే, అప్పటికి మీసమైనా సరిగా రాని తులసీరాం తిరుగు రైల్లో ఊరి పక్క ఏకాంబరకుప్పం స్టేషనులో, పంచెల డబ్బుతో కొన్న గిటారు భుజాన వేసుకుని దిగాడు. దొరస్వామి కోప్పడలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీంట్లో నూలు యాడ పెడతారు నాయనా?” అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత తులసీరాం టేపు రికార్డరు ముందు కూర్చుని, క్యాసెట్టును వెనక్కి తిప్పి, మళ్ళీ విని, మళ్ళీ వెనక్కి తిప్పి, చెవితోనే అంతా పట్టుకున్నాడు. చేతిమగ్గం పోయి ఇంట్లో మరమగ్గాలు వచ్చాయి. సత్రవాడ నుంచి వనజాక్షి పెళ్ళాంగా వచ్చింది. పగలు మగ్గాల దగ్గర నిలబడేవాడు, కచేరీ ఉన్న సాయంత్రం తలకు నూనె రాసుకుని గిటారు తీసుకుని పోయేవాడు. వనజాక్షి మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఇంట్లోనే అన్ని బిట్లూ విన్నది కాబట్టి కచేరీకి ఎప్పుడూ పోలేదు. ముక్కలన్నీ ఇంట్లోనే వింటిని, ఇంక పాటతో నాకేం పని అనేది.

రెండువేల నాలుగులో చిన్నబ్బ కొత్త కీబోర్డు తెచ్చాడు. ఒకరోజు తనే ఇంటికి వచ్చి, కాఫీ తాగి, వానల గురించీ నూలు గురించీ మాట్లాడి, లేవబోయే ముందు అసలు సంగతి చెప్పాడు.

“నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు తులసీ. ఆ పెట్టెలోనే అన్నీ ఉండాయి. వీణ ఉండాది, సన్నాయి ఉండాది. నీ గిటారు గూడా ఉండాది.”

తులసీరాం తల ఊపాడు. వాకిలి దగ్గర నిలబడిన వనజాక్షి, “మంచిదేలే అన్నా, దానికైతే బువ్వ పెట్టే పనుండదు” అన్నది. చిన్నబ్బ తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు. చెడ్డవాడు కాడు. వాన్‌లో ఒక సీటు తగ్గితే అతనికి ఎంత కలిసొస్తుందో తులసీరాంకూ తెలుసు.

గిటారు గోడకెక్కింది.  తులసీరాం అన్నం కూడా చేయి అలవాటు మీద నోటికి పోతున్నట్టు తినేవాడు. అది చూడలేక వనజాక్షి తన అన్న కూతురు మోనికకు చెప్పుకుంది. మోనిక బీకాం చదివి పుత్తూరులో ఒక బ్రౌజింగ్ సెంటరులో కూర్చునేది. వచ్చిన వాళ్ళకు కంప్యూటరు తెరిచి ఇవ్వడం, రిజల్ట్సు చూసి పెట్టడం ఆమె పని. ఎవరూ లేనప్పుడు ఏదో ఒకటి వెదుకుతూ ఉండేది. అలా వెదుకుతుంటే ఒక మెయిల్ గ్రూపు తగిలింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘నిదానంగా నేర్చుకునేవాళ్ళు’. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు పదిహేను ఇరవైమంది కలిసి గిటారు మీద జాజ్ వాయించడం నేర్చుకుంటున్నారు. గురువంటూ ఎవరూ లేరు. పోర్చుగల్ దేశంలో ఆసుపత్రి నర్సుగా పనిచేసే ఇనెస్ అనే ఆవిడ ప్రతి వారం ఒక పాఠం పెడుతుంది. అందరూ దాని మీద వాయించి, రికార్డు చేసి పంపాలి. పంపినదాన్ని మిగతావాళ్ళు విని, నచ్చినదొకటి చెప్పి, ఒక ప్రశ్న అడగాలి. అదీ నియమం.

ఆదివారం నగరికి వచ్చి మోనిక ఈ సంగతి చెబితే, మగ్గాల హోరులో వనజాక్షికి సగమే వినబడింది.

“జాజి పూలా? ఈ ఎండల్లో జాజి యాడ పూస్తాదే?”

“జాజి కాదత్తా, జాజ్. అదొక పాట. ముందు అందరూ ఒకే పాట వాయిస్తారంట. దాని కింద పోయే శ్రుతులు అట్లనే పోతా ఉంటే, ఒక్కొక్కరూ దాని మింద అప్పటికప్పుడు సొంతంగా వాయించల్లంట.”

తులసీరాం మగ్గం ఆపాడు. “సొంతంగా అంటే?”

“అంటే ఎవురిదీ కాకుండా మామా. నీది.”

కచేరీల్లో విద్వాంసులు కల్పన స్వరాలు వేయడం తులసీరాం వినకపోలేదు. అది చదువుకున్నవాళ్ళ సొత్తు అనుకుని దూరం నుంచి దండం పెట్టుకున్నవాడు. ఆ మధ్యాహ్నం మోనిక బస్సెక్కే దాకా ఆ మాట ఎత్తలేదు. బస్సు కదిలాక మాత్రం కిటికీ పక్కనే నడుస్తూ, వాళ్ళు ఏ పాట వాయిస్తారో కనుక్కోమన్నాడు.

మోనిక మొదటి పాఠాన్ని క్యాసెట్టులోకి ఎక్కించి తెచ్చింది. ఇనెస్ వాయించిన కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి, నాలుగైదు ఒక వరసలో వచ్చి, మళ్ళీ మొదటికి చేరి, చుట్టు తిరుగుతూ ఉంటాయి. దాని మీద వాయించాలి. తులసీరాం విన్నాడు. తనకొచ్చిన వందల బిట్లలో ఆ శ్రుతికి సరిపోయేవి ఏరి, అతుకు తెలియకుండా ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. బ్రౌజింగ్ సెంటరులో కూర్చుని వాయిస్తే మోనిక రికార్డు చేసి పంపింది. చీమ బియ్యపు గింజను లాక్కుపోయినట్టు ఆ ఫైలు ఎంతసేపటికో గాని పోలేదు. తులసీరాం మాత్రం ఇంటికి ఉత్సాహంగా పోయాడు. వాళ్ళు ఏమంటారో అతనికి తెలుసు. ఇన్నేళ్ళూ అందరూ అన్నదే అంటారు.

ఇనెస్ జవాబు రెండు ముక్కల్లో ఉంది. మోనిక దాన్ని చదివి, ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టే చెప్పేసింది.

“చెయ్యి చానా బాగుండాది అంటాది మామా. మనిషి యాడ అని అడగతా ఉండాది.”

“మనిషి యాడ అంటే? ఈడే ఉండా కదా.”

“అదే నాకూ అర్థం కాలేదు” అన్నది మోనిక. కానీ ఇద్దరికీ అర్థమైంది.

ఆ వారం నుంచి తులసీరాంకు కష్టకాలం మొదలైంది. గిటారు ఒళ్ళో పెట్టుకుని సొంతంగా ఒక ముక్క వాయిద్దామని మొదలుపెడితే, రెండు స్వరాలు దాటేసరికి వేళ్ళు వాటంతటవే ఏదో ఒక సినిమా పాటలోకి వెళ్ళిపోయేవి. అక్కడి నుంచి లాక్కొస్తే ఇంకొక పాటలో దూరేవి. చిన్నతనం నుంచీ ఇంకొకరి అడుగులో అడుగు వేసి నడిచినవాడికి ఖాళీ మైదానంలో వదిలేస్తే కాలు ఎటు పడాలో తెలియలేదు. పాఠాలు వచ్చేవి, తను ఏమీ పంపేవాడు కాదు. మిగతావాళ్ళు పంపినవి మాత్రం మోనిక క్యాసెట్టు చేసి తెస్తే శ్రద్ధగా వినేవాడు. అందులో కొందరి వాయింపు తనకన్నా చాలా తక్కువగా ఉండేది. వేలు తప్పేది, తాళం జారేది. అయినా వాయించిన మనిషి ఎలాంటివాడో తెలిసిపోయేది. ఒకరు తొందరగొట్టు, ఒకరు సిగ్గరి. ‘వైండర్’ అనే పేరుతో వాయించే ఒకాయన మాత్రం తులసీరాం మనసుకు బాగా పట్టాడు. చాలా తక్కువ వాయిస్తాడు. ఒక మాట చెప్పి, కొంచెం ఆగి, ఏమంటావు అన్నట్టు చూస్తాడు. వైండర్ అంటే చుట్టేవాడని మోనిక చెబితే, మన మాదిరి కండెలు చుట్టే మనిషేమో పాపం అన్నది వనజాక్షి.

ఇంట్లో రికార్డు చేద్దామంటే ఇంకో చిక్కు. కరెంటు ఉన్నంతసేపూ వీధిలోని మగ్గాలన్నీ ఆడుతూనే ఉంటాయి, పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. కరెంటు పోతే వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది, కానీ కరెంటు లేందే టేపు రికార్డరు తిరగదు. దీనికి ఉపాయం వనజాక్షే చెప్పింది. ఎదురింటి అలివేలమ్మ దగ్గర బ్యాటరీలతో తిరిగే టేపు రికార్డరు ఉంది, తమది కూడా బ్యాటరీలు వేస్తే తిరుగుతుంది. ఒకదాంట్లో ఇనెస్ కార్డ్స్ పెట్టి, రెండోదాంట్లో రికార్డు చేయవచ్చు. ఎండాకాలం పగటి కోతలు మొదలయ్యాయి. మగ్గం ఆగగానే తులసీరాం చేతులు తుడుచుకుని గిటారు తీసేవాడు. వనజాక్షి రెండు టేపు రికార్డర్ల మధ్య కూర్చుని, రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కేది.

ఒక మధ్యాహ్నం అలాగే మొదలుపెట్టారు. తులసీరాం ఈసారి కూడా గుట్టుగా ఒక పాత బిట్టునే కొంచెం తిరగేసి వాయించడానికి సిద్ధం చేసుకున్నాడు. సగం దాకా బాగానే పోయింది. అంతలో అలివేలమ్మ టేపు రికార్డరులో బ్యాటరీలు నీరసించాయి. కార్డ్స్ నిదానించాయి. నిదానించడమే కాదు, శ్రుతి కూడా కిందికి జారడం మొదలైంది, బావిలోకి బొక్కెన దిగినట్టు. సిద్ధం చేసుకున్న బిట్టు దాని మీద ఒక్క స్వరం కూడా అతకలేదు. ఆపెయ్యమని చెప్పడానికి తల ఎత్తాడు. వనజాక్షి కళ్ళు మూసుకుని, మీటల మీద చేతులు పెట్టుకుని వింటోంది. ఆపాలనిపించలేదు. జారిపోతున్న శ్రుతిని చెవితో వెదుక్కుంటూ ఒక స్వరం మోపాడు. అది నిలిచేలోపే కింద నేల కదిలింది. ఇంకొకటి మోపాడు. తీగను పక్కకు లాగి దింపాడు, ఆగాడు, మళ్ళీ వెదికాడు. ఏ పాటా గుర్తు రావడానికి వ్యవధి లేదు. చివరికి టేపు గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. తులసీరాం ఇంకా రెండు స్వరాలు ఒంటరిగా వాయించి చేయి తీశాడు.

వనజాక్షి కళ్ళు తెరిచింది. “ఇది ఏ పాటలోది?”

“ఏ పాటలోదీ కాదు. బ్యాటరీలు అయిపోయినాయి.”

“అయిపోతే పోనీ” అన్నది ఆమె. మీటల మీంచి చేతులు తీస్తూ, “ఇన్నేళ్ళుగా వింటా ఉండా. ఇప్పుడే నువ్వు మాట్లాడినట్ల ఉండాది” అన్నది.

తులసీరాం లేచి, మంచినీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడిపోయాడు.

దాన్ని పంపడానికి అతను ఒప్పుకోలేదు. పాడైపోయిన రికార్డును పంపితే నవ్వుతారన్నాడు. మోనిక వినకుండా పంపేసింది. వాళ్ళు నవ్వారు కూడా. కానీ ఆ నవ్వు వేరు. కింద కార్డ్స్ ఏమైపోతున్నాయో తెలియక హడలిపోయామనీ, పైన వాయిస్తున్న మనిషి మాత్రం కాలు జారుతున్నా చేతిలో పాల చెంబు ఒలకనీయనివాడిలా కనిపించాడనీ ఎవరో రాశారు. ఇనెస్ ఒకే మాట రాసింది, వచ్చావా, రా కూర్చో అని. వైండర్ అయితే, ఆ చివరి రెండు స్వరాల కోసం మొత్తం మూడుసార్లు విన్నానన్నాడు.

అప్పటి నుంచి తులసీరాం ప్రతి వారం పంపాడు. బాగున్నవీ ఉన్నాయి, బాగులేనివీ ఉన్నాయి. మళ్ళీ బిట్లలోకి జారిపోయిన వారం, వాళ్ళు పట్టేసేవారు. అతను తెలుగులో చెబితే మోనిక ఇంగ్లీషులో రాసేది. అలా ఏడాది గడిచింది. వీధిలో ఆడవాళ్ళు ఇంకా జాజి అనే అనేవారు. జాజి ఎంతవరకు వచ్చిందని అలివేలమ్మ అడిగితే, మొగ్గ తొడిగిందని వనజాక్షి చెప్పేది.

ఆ ఏడు పెళ్ళిళ్ళ రోజుల్లో చిన్నబ్బ దగ్గరి కీబోర్డు కుర్రాడికి కామెర్లు వచ్చాయి. చిన్నబ్బ మళ్ళీ వచ్చి కాఫీ తాగాడు. పుత్తూరులో పెద్దవాళ్ళ రిసెప్షను, ఆ ఒక్క సాయంత్రం గట్టెక్కించమన్నాడు. తులసీరాం తలకు నూనె రాసుకుని బయల్దేరాడు.

మొదటి పాటలు సజావుగా పోయాయి. వేళ్ళు ఏవీ మరిచిపోలేదు. నాలుగో అయిదో పాటలో, రెండో చరణం ముందు వచ్చే బిట్టు మొదలుపెట్టి, ఎందుకో మరి, అతను దారి తప్పాడు. తప్పాడనడం సరికాదు, కావాలనే పక్క దారి తొక్కాడు. ఆ శ్రుతి మీద అంతకన్నా మంచి ముక్క ఒకటి అప్పటికప్పుడు కనిపించింది. దాని వెంట పోయాడు. ఎంత బాగా వచ్చిందంటే, కళ్ళు కూడా మూసుకున్నాడు. పాడే అమ్మాయి నందిని, బిట్టు చివర వచ్చే మూడు స్వరాల కోసం మైకు పట్టుకుని ఎదురుచూస్తోంది. అవి రాలేదు. అంచనా మీద ఎత్తుకుంది, తప్పింది, ఆగిపోయింది. డ్రమ్ములు మాత్రం వాటి దారిన పోతూనే ఉన్నాయి. ముందు వరసలో పిల్లలు నవ్వారు. నందిని మొహం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వాన్‌లో చిన్నబ్బ గొంతు పెంచలేదు. “నీ బిట్టును నమ్ముకోని కదప్పా ఆ పాప పాట ఎత్తుకునేది. నువ్వు దోవ మార్చేస్తే అది యాడికి పోవల్ల?”

 తులసీరాం మర్నాడు నందిని ఇంటికి పోయి తప్పయిపోయిందని చెప్పి వచ్చాడు. ఆ పిల్ల, పరవాలేదన్నా అన్నది గాని, మొహం చూడలేదు. గిటారును మళ్ళీ గోడకు తగిలించాడు. మోనిక ఫోను చేస్తే మగ్గం పనుందని వనజాక్షిని చెప్పమన్నాడు.

మోనిక ఊరుకునే రకం కాదు. మామ చెప్పకపోయినా, జరిగినదంతా గ్రూపుకు తనే రాసేసింది. ఊరి పేరుతో సహా రాసింది. చాలామంది ఓదార్చారు. వైండర్ మాత్రం ఓదార్చలేదు. ఒక ప్రశ్న అడిగాడు. మీరు రాసిన పుత్తూరు, విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరేనా? అయితే నేను గిటారు పట్టే ఎడమ చేయి ఆ ఊరివాళ్ళు అతికించినదే.

మోనిక ఆ మెయిలు మూడుసార్లు చదివి, సెంటరుకు తాళం వేసి, నగరి బస్సెక్కింది.

మెయిలు చివర తన వివరాలూ ఫోను నంబరూ రాశాడు. వైండర్ అసలు పేరు డెస్మండ్. కోలార్ బంగారు గనుల ఊరివాడు. గనిలోకి మనుషులను దింపే పంజరాన్ని తాడుతో దింపి, మళ్ళీ పైకి చుట్టే ఇంజను నడిపినవాడు. గనులు మూతపడ్డాక అక్కడే ఉండిపోయిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఒకటి వాళ్ళది. ఏ సముద్రం అవతలో ఉన్నాడనుకున్న మనిషి, చిత్తూరు దాటి పలమనేరు మీదుగా పోతే మధ్యాహ్నానికి చేరే ఊళ్ళో ఉన్నాడు.

మోనిక ఇచ్చిన నంబరుకు ఫోను చేసి, తులసీరాం చెమటలు కక్కుతూ, బట్టీపట్టిన రెండు ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పాడు. అటునుంచి ఒక పెద్దాయన గొంతు, తమిళం వచ్చునా అని తమిళంలో అడిగింది. నగరిలో పుట్టినవాడికి తమిళం రాకపోవడమేమిటి. ఏడాది పాటు పోర్చుగల్ మీదుగా, మోనిక ఇంగ్లీషులోంచి మాట్లాడుకున్న ఇద్దరూ, ఆ మాటకు ఒకేసారి నవ్వేశారు. నవ్వు ఆగాక డెస్మండ్, గిటారు తీసుకుని రమ్మన్నాడు.

ముగ్గురూ పోయారు. మెయిళ్ళన్నీ రాసింది నేనైతే నన్ను వదిలేసి పోతారా అని మోనిక, కండెలు చుట్టే అన్నను చూడాలని వనజాక్షి. వి.కోట దాటాక గాలి చల్లబడింది. గనుల్లోంచి తవ్విపోసిన మట్టి దిబ్బలు కొండల్లా లేచి కనిపించాయి. డెస్మండ్ రేకుల ఇంటి ముందు, ఉతికిన చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బాగా పొడుగు మనిషి. ఇంజను హోరుకు కుడి చెవి పోయింది కాబట్టి ఎవరితో మాట్లాడినా ఎడమ పక్కకు తిప్పుకుని కూర్చోబెట్టుకుంటాడు. తమ మగ్గం మీద నేసిన లుంగీని వనజాక్షి ఆయన చేతికిస్తే, అప్పుడే లోపలికి పోయి కట్టుకుని వచ్చాడు.

కాఫీలయ్యాక ఆయన తులసీరాంతో, నువ్వు రాసిన ఒక మాట నాకు మనసులో ఉండిపోయిందన్నాడు. వాయించేటప్పుడు నా ఇంటి వాకిట్లోనే నిలబడి ఎవరో తలుపు తీస్తారని చూస్తున్నట్టుంటుంది అని రాశావే, అది. తులసీరాం ఆ మాట ఎప్పుడూ అనలేదు. మోనిక వైపు చూశాడు. ఆమె కాఫీ గ్లాసులోకి చూసుకుంటోంది.

“నువ్వు చెప్పలేదులే మామా” అన్నది చివరికి. “నువ్వు చెప్పేది మరీ రొంత ఉండేది. బాగుండాది, బాగలేదు, అంతే. సెంటర్లో వాయించేటప్పుడు నిన్ను సూస్తే నాకు అట్ల అనిపించినాది. రాసేసినా.”

ఇంకా ఏమేం రాశావని అడగబోయి తులసీరాం ఊరుకున్నాడు. అబద్ధమేమీ రాయలేదని అతనికి తెలుసు. డెస్మండ్ మోనికను తన ఎడమ పక్క కుర్చీలోకి మార్చుకుని, మన గ్రూపులో ఇంకొక మెంబరు ఉందన్నమాట, ఇంతకాలం చెప్పలేదేం అన్నాడు.

పుత్తూరు సంగతి డెస్మండ్ తనంతట తానుగా ఎత్తలేదు. గిటారు తీసి, నేను వాయించేది విని దానికి జవాబు చెప్పు అన్నాడంతే. ఆయన చిన్న ముక్క వాయించి ఆగాడు. తులసీరాం అందుకుని, తనకు తోచినదంతా గడగడా వాయించేశాడు. డెస్మండ్ తల అడ్డంగా ఊపి, నేనేం అడిగాను, నువ్వేం చెబుతున్నావు అన్నాడు. మళ్ళీ అదే ముక్క. ఈసారి తులసీరాం సగం వాయించాడు. ఇంకా ఎక్కువే అన్నాడు డెస్మండ్. పుత్తూరులో నీకు మంచి మాటే దొరికింది, కానీ ఆ పాప మాట్లాడే చోట నువ్వు మాట్లాడావు, ఆమెకు నోరు లేకుండా చేశావు. నీ చెవి ఆమె మీద ఉంటే అది జరిగేది కాదు. బ్యాటరీలు అయిపోయిన రోజు నీకు ఎలా వచ్చిందనుకున్నావు? ఆ రోజు నువ్వు కింద పోయేదాన్ని ప్రాణం పెట్టి విన్నావు.

ఆ మాట తులసీరాంకు సూటిగా తగిలింది. ఇన్నాళ్ళూ సొంతంగా వాయించడమంటే పక్కవాళ్ళను మరిచిపోవడమనుకున్నాడు. ఈసారి డెస్మండ్ ముక్క అయిపోయాక కొంచెం ఆగాడు. రెండే స్వరాలు వాయించాడు. డెస్మండ్ కనుబొమలు లేచాయి. ఆయన మూడు వాయించాడు. అలా ఒకరు అనడం, ఒకరు ఊ కొట్టడం, ఒకరు వాదించడం, మధ్యలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని ఆగిపోవడం. టేపులో ఇనెస్ కార్డ్స్ చుట్టు తిరుగుతూనే ఉన్నాయి. వనజాక్షి, మోనిక వంటింట్లోకి పోయి గుడ్లు ఉడకేసి, పులుసు పెట్టి, అన్నం వార్చి పిలిచేదాకా ఆ ఇద్దరూ లేవలేదు.

తిరిగి వచ్చాక తులసీరాం చిన్నబ్బ ఇంటికి పోయాడు. ఈసారి కాఫీ తాగడం అతని వంతు. పాటల్లో బిట్లు మీ పెట్టె వాయిస్తుంది, నాకు భోజనాల వేళ ఇవ్వమని అడిగాడు. పెళ్ళిలో మధ్యాహ్నం జనమంతా అన్నాలకు పోయినప్పుడు, స్టేజీ మీద ఎవరూ పాడరు. ఏదో ఒక క్యాసెట్టు తిరుగుతూ ఉంటుంది.

“ఆ పొద్దులో వినేవాళ్ళు ఎవురుంటారు తులసీ?” అన్నాడు చిన్నబ్బ.

“వినకపోతే పోనీలే. వాయించేటోళ్ళం వింటాము.”

చిన్నబ్బకు ఇందులో నష్టమేమీ కనబడలేదు. పైగా నందిని సంగతి అతని మనసులోనూ ఒక మూల ఉండిపోయింది. ఒక షరతు పెట్టాడు, ఆమెను కూడా అడగమన్నాడు. తులసీరాం అడిగాడు. నందిని కొంచెంసేపు బెట్టు చేసి, భోజనాల వేళ నేనెట్లాగూ పాడనుకదా అని నవ్వింది.

డెస్మండ్ ఆ తర్వాత మూడేళ్ళు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ, పెళ్ళిళ్ళ రోజుల్లో బస్సెక్కి వచ్చేవాడు. వాళ్ళింట్లోనే దిగేవాడు. మగ్గాల హోరు ఆయనకు అడ్డం కాలేదు. సగం చెవి ముందే పోయింది కాబట్టి హాయిగా నిద్రపోయేవాడు. గ్రూపు మెల్లగా పలచబడింది, ఇనెస్‌కు ఆసుపత్రిలో పని పెరిగింది. మోనికకు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, గిటారు దగ్గర అని చెప్పిందట.

తులసీరాం, డెస్మండ్ మొదటిసారి కచేరీలో కలిసి వాయించింది ఏకాంబరకుప్పంలో ఒక నేతగాళ్ళ ఇంటి పెళ్ళిలో. పందిట్లో ఒక్కటి తప్ప కుర్చీలన్నీ ఖాళీ. అవతల వడ్డనలు సాగుతున్నాయి, సాంబారు బక్కెట్ల చప్పుడు, పిల్లల ఏడుపులు. డెస్మండ్ వనజాక్షి ఇచ్చిన లుంగీ మానుకుని, ప్యాంటు వేసుకుని, తులసీరాంను ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాయించడం మొదలుపెట్టారు. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, అందరి చేతులూ విస్తళ్ళలో ఉన్నాయి. చేయి కడుక్కుని వస్తున్న ఒక ముసలాయన మాత్రం స్టేజీ ముందు ఆగి, తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ, తల ఒక పక్కకు వంచి కొంచెంసేపు విన్నాడు.

కచేరీకి ఎప్పుడూ రాని వనజాక్షి ఆ రోజు వచ్చింది. ముందు వరసలో మధ్య కుర్చీలో, కొత్త చీర కట్టుకుని ఒక్కతే కూర్చుంది. రెండో పంక్తి లేస్తోందని, అన్నం చల్లారిపోతుందని ఎవరో వచ్చి పిలిచారు. మీరు పోయి తినండి, వాళ్ళ మాటలు ఇంకా అయిపోలేదు అని చెప్పి, ఆమె కొంగు సర్దుకుని మళ్ళీ స్టేజీ వైపు తిరిగింది.